డాక్టర్ హూ తేదీల పట్టిక: తప్పుల్లేకుండా తయారు చేసుకునే పద్ధతి

1963 నవంబర్ 23, శనివారం. బ్రిటన్‌లో సాయంత్రం 5 గంటల 16 నిమిషాలు. బీబీసీలో డాక్టర్ హూ అనే సైన్స్ ఫిక్షన్ సిరీస్ తొలి ఎపిసోడ్ మొదలైన వేళ అది. మన గడియారంలో అప్పుడు రాత్రి 10.46. అంతకుముందు రోజే అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగింది. ఆ వార్తల హోరు ఒకవైపు, బ్రిటన్‌లో చాలాచోట్ల కరెంటు పోవడం మరొకవైపు. చూడలేకపోయినవాళ్లు ఎక్కువని, వారం తర్వాత నవంబర్ 30న రెండో ఎపిసోడ్‌కు ముందు మొదటిదాన్ని మళ్లీ వేశారు.

ఈ ఒక్క తేదీని ఎవరూ తప్పు రాయరు. చిక్కంతా మిగతా వాటితోనే. సిరీస్ నాయకుడైన డాక్టర్ పాత్రను పలువురు నటులు ఒకరి తర్వాత ఒకరు వేశారు. ఫలానా నటుడు డాక్టర్‌గా ఎప్పుడు వచ్చాడని అడిగితే మూడు జాబితాల్లో మూడు తేదీలు కనబడతాయి. చాలాసార్లు మూడూ నిజమే. ఒకటి ముఖం తొలిసారి కనబడిన రోజు, ఒకటి తొలి పూర్తి కథ వచ్చిన రోజు, ఇంకోటి ఎంపిక ప్రకటించిన రోజు. రకం చెప్పకుండా తేదీ మాత్రమే రాసుకోవడమే ఇలాంటి పట్టికల్లో జరిగే తప్పులకు మూలం. కాబట్టి మొదటి నియమం: తేదీ పక్కన అది ఏ రకం తేదీయో రాయనిదే తర్వాతి వరసకు వెళ్లకండి.

గళ్లు, తేదీ రాసే తీరు

స్ప్రెడ్‌షీట్‌లో ఆరు నిలువు గళ్లు చాలు: తేదీ, తేదీ రకం, వ్యక్తి లేదా కథ పేరు, ఏ దేశంలో ప్రసారం, భారత కాలమానంలో సమయం, ఆ రోజు చూడాల్సిన కథ (ఎన్ని నిమిషాలో సహా). రకాలను కూడా ముందే ఖాయం చేసుకోండి: పుట్టిన రోజు, మరణించిన రోజు, ముఖం తొలిసారి కనబడిన రోజు, తొలి పూర్తి కథ, చివరి ఎపిసోడ్, వార్షికోత్సవ కథ. ఏడో రకం కావాలనిపిస్తే చేర్చుకోవచ్చు, కానీ ఒక రకానికి రెండు పేర్లు పెట్టొద్దు. తర్వాత వడపోసి చూసేటప్పుడు సగం వరసలు కనబడకుండా పోతాయి.

తేదీని సంవత్సరం, నెల, రోజు వరసలో రాయండి: 1943-06-08. ఇది ఆరో డాక్టర్ కోలిన్ బేకర్ పుట్టిన రోజు, జూన్ 8. దీన్నే 08/06/1943 అని రాస్తే, అమెరికా పద్ధతిలో అమర్చిన కంప్యూటర్ ఆగస్టు 6గా చదువుకుంటుంది. హైదరాబాద్‌లో ఒకరు, డాలస్‌లో ఒకరు కలిసి ఒకే షీట్ నింపుతుంటే ఈ తప్పు తప్పకుండా వస్తుంది. 20వ తేదీ, 25వ తేదీ లాంటివి నెలగా చెల్లవు కాబట్టి అక్కడ గడి మొరాయిస్తుంది, మనకు తెలుస్తుంది. 12 లోపు తేదీలు చప్పుడు లేకుండా మారిపోతాయి. తొలి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ పుట్టిన జనవరి 8 కాస్తా ఆగస్టు 1 అవుతుంది.

సంవత్సరాన్ని నాలుగు అంకెల్లోనే రాయాలి. ఎక్సెల్ మామూలు అమరికలో 00 నుంచి 29 వరకు ఉన్న రెండంకెల సంవత్సరాలను 2000ల్లోకి, 30 నుంచి 99 వరకు ఉన్నవాటిని 1900ల్లోకి వేస్తుంది. హార్ట్‌నెల్ పుట్టింది 1908లో, జాన్ పెర్ట్‌వీ 1919లో, ప్యాట్రిక్ ట్రౌటన్ 1920లో. 08, 19, 20 అని రాస్తే తొలి ముగ్గురు డాక్టర్లూ 21వ శతాబ్దపు పిల్లలైపోతారు.

ఫోన్ క్యాలెండర్‌లోకి ఎక్కించేటప్పుడు ప్రతిదాన్నీ రోజంతా ఉండే ఘటనగా, ఏటా తిరిగి వచ్చేలా పెట్టండి. గంట, నిమిషం ఇచ్చి పెడితే మీరు దేశం మారినప్పుడు ఘటన కూడా జరిగి, ఒక్కోసారి ముందు రోజుకో తర్వాత రోజుకో పోతుంది. సమయం కావాలంటే వివరణలో రాసుకోండి.

డాక్టర్ వచ్చిన రోజు ఏది?

ఈ పాత్ర చనిపోయే స్థితికి వచ్చినప్పుడు శరీరం మొత్తం మారిపోయి కొత్త మనిషిగా లేస్తుంది. దాన్నే రీజెనరేషన్ అంటారు. హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతినడంతో 1966లో నిర్మాతలు ఎత్తుకున్న ఉపాయం ఇది. సిరీస్ ఇన్ని దశాబ్దాలు బతికిందంటే దాని చలవే. పట్టిక రాసేవాళ్లకు మాత్రం ప్రతి నటుడికీ కనీసం రెండు తేదీలు తెచ్చిపెట్టింది.

పీటర్ కపాల్డీని చూడండి. 2013 నవంబర్ 23న 50 ఏళ్ల ప్రత్యేక కథ ది డే ఆఫ్ ది డాక్టర్‌లో ఆయన కళ్లు ఒక్క క్షణం కనబడ్డాయి. అదే ఏడాది డిసెంబర్ 25న ముఖం వచ్చింది. తొలి పూర్తి కథ డీప్ బ్రెత్ 2014 ఆగస్టు 23న. ఎంపిక ప్రకటన వీటన్నిటికంటే ముందు, 2013 ఆగస్టులో. పదేళ్ల గుర్తుగా ఏదైనా రాయాలనుకుంటే ఏ రోజున రాస్తారు? మా సలహా, తొలి పూర్తి కథ తేదీని ప్రధానంగా పెట్టుకోండి. నటుడు పాత్రను నిజంగా మోయడం మొదలైంది ఆ రోజునే. ముఖం కనబడిన తేదీ పట్టికలో వేరే వరసగా ఉండాలి.

మిగతావాళ్లకు ఈ రెండు తేదీలూ ఇలా ఉంటాయి, ముందు ముఖం, తర్వాత తొలి పూర్తి కథ:

ట్రౌటన్: 1966 అక్టోబర్ 29, 1966 నవంబర్ 5.
టామ్ బేకర్: 1974 జూన్ 8, 1974 డిసెంబర్ 28.
పీటర్ డేవిసన్: 1981 మార్చి 21, 1982 జనవరి 4.
కోలిన్ బేకర్: 1984 మార్చి 16, 1984 మార్చి 22.
డేవిడ్ టెనెంట్: 2005 జూన్ 18, 2005 డిసెంబర్ 25.
మ్యాట్ స్మిత్: 2010 జనవరి 1, 2010 ఏప్రిల్ 3.
జోడీ విటకర్: 2017 డిసెంబర్ 25, 2018 అక్టోబర్ 7.
షూటి గాట్వా: 2023 డిసెంబర్ 9, 2023 డిసెంబర్ 25.

ఒకే తేదీ ఉన్నవాళ్లూ ఉన్నారు. పెర్ట్‌వీ 1970 జనవరి 3న నేరుగా కొత్త కథలోనే దిగారు, మార్పు తెరమీద చూపలేదు. సిల్వెస్టర్ మెకాయ్ 1987 సెప్టెంబర్ 7. అక్కడ రీజెనరేషన్ దృశ్యంలో పాత డాక్టర్‌గా విగ్గు పెట్టుకుని పడుకున్నదీ మెకాయే, ఎందుకంటే కోలిన్ బేకర్ ఆ దృశ్యానికి రాలేదు. క్రిస్టఫర్ ఎక్లస్టన్ 2005 మార్చి 26.

పాల్ మెక్‌గాన్‌కు ఒకే టీవీ సినిమా, కానీ మూడు తేదీలు. 1996 మే 12న కెనడాలో, 14న అమెరికాలో, 27న బ్రిటన్‌లో వచ్చింది. మిగతా సిరీస్ అంతా బ్రిటన్ ప్రసారంతో లెక్కిస్తూ దీన్ని మాత్రం 14 అని రాస్తే పొసగదు. మే 27 ప్రధాన వరసగా, మిగతా రెండూ దేశం పేరుతో పక్కన పెట్టండి.

గాట్వా పేరు గురించి ఒక మాట. ఇంగ్లిష్ అక్షరాలు చూసి ఎన్‌కూటీ అని రాసేవాళ్లున్నారు. ఆయన రువాండాలోని కిగాలీలో పుట్టారు, పేరును షూటి అని పలుకుతారు. తెలుగు లిపిలో పలికినట్టు రాయగల సౌకర్యం ఉండగా తప్పుగా రాయడం అన్యాయం. ఒకసారి ఎంచుకున్న వర్ణక్రమాన్ని పట్టిక అంతటా అదేలా ఉంచండి, లేకపోతే వెతికినప్పుడు దొరకదు.

ఎంతమంది డాక్టర్లు?

సంఖ్యలు 15 వరకు ఉన్నాయి. నటులు మాత్రం 14 మంది, ఎందుకంటే టెనెంట్ 10వ, 14వ డాక్టర్ రెండూ ఆయనే. సంఖ్య లేని డాక్టర్లు ఇద్దరు: 2013లో జాన్ హర్ట్, 2020 జనవరి 26న తొలిసారి కనబడిన జో మార్టిన్. ఇప్పటికి 16. హార్ట్‌నెల్ పోయాక ఆయన డాక్టర్‌ను 1983లో రిచర్డ్ హర్న్‌డాల్, 2017లో డేవిడ్ బ్రాడ్లీ వేశారు. వాళ్లను సొంత డాక్టర్లుగా లెక్కించకూడదు, మొదటి డాక్టర్ పాత్రధారులుగానే రాయాలి. 1965, 1966 సినిమాల్లో వేసిన పీటర్ కుషింగ్ టీవీ వరసలోకి రారు. ఆయన పాత్ర భూమ్మీది శాస్త్రవేత్త, వేరే గ్రహంవాడు కాదు. 2025 మే 31న గాట్వా చివరి ఎపిసోడ్ ఆఖరులో బిల్లీ పైపర్ ముఖం కనబడింది. పేర్ల పట్టీలో ఆమెను పరిచయం చేశారే గానీ డాక్టర్ అని రాయలేదు. ఆమె వరసలో సంఖ్య వేయకండి.

ఒకే మనిషి రెండు పాత్రల్లో రావడం ఈ సిరీస్‌లో మామూలు. కపాల్డీ 2008లో పాంపేయి కథలో రోమన్ వ్యాపారిగా చేశారు. అదే కథలో జోస్యం చెప్పే అమ్మాయిగా కనబడిన కరెన్ గిలన్ తర్వాత స్మిత్‌కు తోడుగా వచ్చారు. కోలిన్ బేకర్ 1983లో కాపలాదళ అధికారిగా వచ్చి అప్పటి డాక్టర్ డేవిసన్‌ను తుపాకితో కాల్చారు. బ్రిగేడియర్‌గా ప్రేక్షకుల గుండెల్లో నిలిచిన నికలస్ కోర్ట్నీ 1965లో వేరే పాత్రలో వచ్చి, 1968లో కల్నల్‌గా మళ్లీ మొదలుపెట్టారు. కేరళలో పుట్టిన వరద సేతు 2024 మేలో బూమ్ కథలో సైనికురాలు, 2025 ఏప్రిల్ 12 నుంచి బెలిండా చంద్ర. అందుకే వ్యక్తి గడిలో నటుల పేరుతో పాటు పాత్ర పేరూ రాయాలి. టామ్ బేకర్, కోలిన్ బేకర్ బంధువులు కారు. డేవిసన్, టెనెంట్ మాత్రం మామాఅల్లుళ్లు. డేవిసన్ కూతురు జార్జియా 2008లో డాక్టర్ కూతురి పాత్రే వేసి, తర్వాత టెనెంట్‌ను పెళ్లి చేసుకున్నారు.

గడియారం మార్చుకోవడం

బ్రిటన్‌లో చలికాలం మన సమయానికి ఐదున్నర గంటలు వెనక, వేసవిలో నాలుగున్నర. ఇప్పుడు ఆ మార్పు మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం జరుగుతుంది. దీన్నుంచి ఒక సులువైన సూత్రం వస్తుంది: చలికాలంలో సాయంత్రం 6.30కి, వేసవిలో 7.30కి, లేదా ఆ తర్వాత అక్కడ మొదలైనదేదైనా మనకు మరుసటి తేదీ.

2013 నవంబర్ 23న ది డే ఆఫ్ ది డాక్టర్ అక్కడ రాత్రి 7.50కి మొదలైంది. 94 దేశాల్లో ఒకేసారి ప్రసారమై గిన్నిస్ రికార్డుకెక్కింది. మనకు అప్పుడు 24వ తేదీ తెల్లవారుజాము 1.20. 2005లో సిరీస్ తిరిగి వచ్చిన రోజు మార్చి 26 రాత్రి 7 గంటలు, మనకు 27వ తేదీ అర్ధరాత్రి దాటి 12.30. ఆ మర్నాడే బ్రిటన్ గడియారం ముందుకు జరిగింది. కాబట్టి వారం తర్వాత అదే 7 గంటలకు వచ్చేది మనకు రాత్రి 11.30 అవుతుంది, తేదీ మారదు. వరసగా వచ్చిన రెండు ఎపిసోడ్లకు ఒకే తేడా వేసుకుంటూ పోతే పొరపాటు వచ్చేది ఇక్కడే.

చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. 1968 ఫిబ్రవరి 18 నుంచి 1971 అక్టోబర్ 31 వరకు బ్రిటన్ గడియారాన్ని వెనక్కి తిప్పనే లేదు, చలికాలంలోనూ వేసవి సమయమే నడిచింది. ట్రౌటన్ చివరి రోజులు, పెర్ట్‌వీ తొలి రోజులు ఇందులోకి వస్తాయి. 1970 జనవరి 3ను మామూలు జనవరిలా ఐదున్నర గంటలతో లెక్కిస్తే గంట తప్పుతుంది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు చిక్కు ఎదురు దిశలో ఉంటుంది. 2024 సీజన్ తొలి రెండు ఎపిసోడ్లు బ్రిటన్‌లో బీబీసీ ఆన్‌లైన్ సేవ ఐప్లేయర్‌లో మే 11 అర్ధరాత్రి విడుదలయ్యాయి. అప్పటికి న్యూజెర్సీలో మే 10 రాత్రి 7 గంటలు, విజయవాడలో మే 11 తెల్లవారి 4.30. బీబీసీ వన్‌లో ప్రసారం ఆ రోజు సాయంత్రం. నాలుగు సమయాలు, రెండు తేదీలు. పట్టికలో బ్రిటన్ తేదీ ఒక్కటే ప్రధానం అన్న నియమం పెట్టుకుంటే ఈ గందరగోళం ఉండదు.

ఎన్నో ఏడు, ఏ కథ?

ఏళ్ల లెక్క సులువే, 1963ను తీసేయడమే. తప్పు వచ్చేది సీజన్ సంఖ్యను ఏళ్ల సంఖ్య అనుకోవడం వల్ల. పదేళ్ల గుర్తుగా వచ్చిన ది త్రీ డాక్టర్స్ 1972 డిసెంబర్ 30న మొదలై 1973 జనవరి 20న ముగిసింది. అప్పటికి నిండింది తొమ్మిదేళ్లే. పదో సీజన్‌కు ప్రారంభ కథ కాబట్టి ముందుగా వచ్చింది. నాలుగు ఎపిసోడ్లు, ఒక్కోటి సుమారు 25 నిమిషాలు. హార్ట్‌నెల్ అప్పటికే బాగా జబ్బుపడ్డారు. మిగతా ఇద్దరు డాక్టర్లతో నిలబడి నటించలేరు కనుక, ఆయన భాగాన్ని విడిగా చిత్రీకరించి ఒక తెరమీద మాట్లాడుతున్నట్టు చూపారు. ఆయన ఆఖరి నటన అదే. ఆ సంగతి తెలిసి చూస్తే ఆ కొద్ది నిమిషాలు మనసును పట్టేస్తాయి.

20 ఏళ్ల కథ ది ఫైవ్ డాక్టర్స్, 90 నిమిషాలు. ఇది అమెరికాలో 1983 నవంబర్ 23న, సొంత గడ్డ బ్రిటన్‌లో 25న వచ్చింది. బ్రిటన్‌లో దాన్ని చిల్డ్రన్ ఇన్ నీడ్ విరాళాల రాత్రికి జోడించారు. టామ్ బేకర్ ఇందులో నటించనన్నారు. సమ్మె వల్ల 1979లో సగంలో ఆగిన షాడా కథలోని ముక్కలు ఆయన స్థానంలో వాడారు. ప్రచార ఫొటోలో ఆయన ఉన్నట్టే కనబడతారు, అది మేడమ్ టుస్సాడ్స్ మైనపు బొమ్మ. అదే ఫొటోలోని మొదటి డాక్టర్ హార్ట్‌నెల్ కాదు, హర్న్‌డాల్. హార్ట్‌నెల్ జయంతికి బొమ్మ ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుండాలి.

25 ఏళ్లకు అధికారిక కథ సిల్వర్ నెమెసిస్, 1988 నవంబర్ 23న తొలి భాగం, మొత్తం మూడు. అయితే ఆ ఏడాది అక్టోబర్‌లో వచ్చిన రిమెంబ్రన్స్ ఆఫ్ ది డాలెక్స్ అసలైన వార్షికోత్సవ కథ అని మా అభిప్రాయం. అది 1963 నవంబర్‌లోనే, తొలి ఎపిసోడ్‌లోని కోల్ హిల్ స్కూల్లోనే జరుగుతుంది. సమయం ఒక్కటే ఉంటే రెండోదే చూడండి.

30 ఏళ్లకు సిరీస్ ప్రసారంలో లేదు. 1993 నవంబర్ 26, 27న డైమెన్షన్స్ ఇన్ టైమ్ అనే చిన్న విరాళ కార్యక్రమం వచ్చింది, ఈస్ట్ఎండర్స్ అనే బీబీసీ సీరియల్ పాత్రలతో కలిపి. ఒక కంటికి నల్ల అద్దం పెట్టుకుంటే లోతు కనబడే పద్ధతిలో తీశారు. కెమెరా పక్కకు కదులుతుంటేనే ఆ లోతు తెలుస్తుంది, అందుకే దృశ్యం ఎక్కడా నిలకడగా ఉండదు. పట్టికలో ఉంచండి, చూడాల్సిన గడి ఖాళీగా వదిలేయండి. 2003లో టీవీ కథ లేదు గానీ, సిరీస్ తిరిగి వస్తుందన్న ప్రకటన ఆ సెప్టెంబర్‌లోనే వచ్చింది.

60 ఏళ్ల నాడు, 2023 నవంబర్ 23, గురువారం పడింది. శనివారపు సిరీస్ కాబట్టి టెనెంట్ ప్రత్యేక కథలు నవంబర్ 25, డిసెంబర్ 2, 9 శనివారాల్లో వచ్చాయి. 23న మాత్రం 1963 నాటి ది డాలెక్స్ అనే కథను రంగులద్ది, కుదించి వేశారు.

నిరంతరంగా 60 ఏళ్లు నడిచిందని రాయకండి. 1985 మార్చి 30 తర్వాత పదిహేడు నెలలకు పైగా కొత్త సీజన్ రాలేదు. 1989 డిసెంబర్ 6న ఆగి, 2005 మార్చి 26న గానీ తిరిగి మొదలవలేదు. మధ్యలో వచ్చిన పూర్తి నిడివి కథ 1996 టీవీ సినిమా ఒక్కటే.

తెలుగు మాటతో మరో జాగ్రత్త. 25కు రజతోత్సవం, 50కి స్వర్ణోత్సవం అంటే అందరికీ ఒకే అర్థం. వజ్రోత్సవం అలా కాదు. ఇంగ్లిష్ డైమండ్ జూబ్లీ ప్రకారం 60 అనుకునేవాళ్లున్నారు. మన తెలుగు సినిమా 2007లో 75 ఏళ్లకు వజ్రోత్సవం జరుపుకుంది, తెలంగాణ ప్రభుత్వం 2022లో స్వాతంత్ర్యానికి 75 ఏళ్లప్పుడు వజ్రోత్సవాలు చేసింది. 2038 ఇంకా ఉంది కాబట్టి ఆ మాటను దాచి, 2023ను అరవై ఏళ్ల పండుగ అనడం మేలు.

జయంతి, వర్ధంతి, పుట్టినరోజు

జీవించి ఉన్నవారికి పుట్టినరోజు, పోయినవారికే జయంతి. బతికున్న నటుడి వరసలో జయంతి అని పడితే చదివేవాళ్లకు గుండె గతుక్కుమంటుంది. ఏటా జనవరి మొదట్లో ఒకసారి ఈ గడిని సరిచూసుకోవాలి.

జనవరిలో హార్ట్‌నెల్ జయంతి 8న (1908). ఆరోజుకు ది అజ్టెక్స్, 1964, నాలుగు ఎపిసోడ్లు. చరిత్రను మార్చలేమని ఆయన తోటి పాత్రను గద్దించే తీరులో ఆ తొలి డాక్టర్ అంతా ఉంటాడు. 20న టామ్ బేకర్ (1934). ఆయన కాలం ఏడేళ్లు, డాక్టర్లలో అందరికంటే ఎక్కువ. పారిస్‌లో తీసిన సిటీ ఆఫ్ డెత్, 1979, నాలుగు ఎపిసోడ్లు. జాన్ హర్ట్ జయంతి 22న (1940), వర్ధంతి 25న (2017).

ఫిబ్రవరి 1 డాక్టర్ తోడు సారా జేన్ పాత్ర వేసిన ఎలిజబెత్ స్లేడన్ జయంతి. పాత జాబితాల్లో పుట్టిన ఏడు 1948 అని కనబడుతుంది, సరైనది 1946. 16న ఎక్లస్టన్ (1964), 22న కోర్ట్నీ వర్ధంతి (2011). కోర్ట్నీ కోసం 2011 అక్టోబర్ 1 నాటి ది వెడ్డింగ్ ఆఫ్ రివర్ సాంగ్ చూడండి. బ్రిగేడియర్ ఇక లేడన్న కబురు డాక్టర్‌కు ఫోన్లో తెలిసే ఘట్టం అందులో ఉంది.

మార్చి 25 ట్రౌటన్ జయంతి (1920), 28 వర్ధంతి. 1987లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం కొలంబస్‌లో అభిమానుల సమావేశానికి వెళ్లి అక్కడే కన్నుమూశారు. ఆయన కథ ఎంచుకోవడంలో ఒక చిక్కు ఉంది: 1960ల టేపులను బీబీసీ చెరిపేసింది, ఆ నష్టం ఎక్కువగా పడింది ఆయన మీదే. 2013లో నైజీరియాలో దొరికినవి కలిశాక కూడా 97 ఎపిసోడ్లు లేని లెక్కే తేలింది. అప్పుడు తిరిగొచ్చిన ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్ ఆరు ఎపిసోడ్లు. డాక్టర్‌గానూ, అతని పోలికలున్న నియంతగానూ ట్రౌటనే చేశారు. ఇంతకు మించిన జయంతి కానుక లేదు. ఆయన తొలి కథ ది పవర్ ఆఫ్ ది డాలెక్స్ మాత్రం ఆరూ పోయాయి. శబ్దం మిగిలింది కనుక బొమ్మలు గీసి, సరిగ్గా 50 ఏళ్లకు 2016 నవంబర్ 5న విడుదల చేశారు. హార్ట్‌నెల్ చివరి ఎపిసోడ్ కూడా పోయినదే, కానీ ముఖం మారే ఘట్టం ముక్క బ్లూ పీటర్ అనే పిల్లల కార్యక్రమంలో వాడుకోవడం వల్ల బతికింది.

ఏప్రిల్ కిక్కిరిసిన నెల: 13న డేవిసన్ (1951), 14న కపాల్డీ (1958), 18న టెనెంట్ (1971), 19న స్లేడన్ వర్ధంతి (2011), 23న హార్ట్‌నెల్ వర్ధంతి (1975). కపాల్డీకి హెవెన్ సెంట్, దాదాపు గంటసేపు ఆయన ఒక్కరే మోసిన ఎపిసోడ్. డేవిసన్‌కు ది కేవ్స్ ఆఫ్ ఆండ్రోజానీ, నాలుగు ఎపిసోడ్లు. స్లేడన్‌కు 2006 నాటి స్కూల్ రీయూనియన్. పాత తోడు కొత్త డాక్టర్‌ను గుర్తుపట్టే చోట కళ్లు చెమర్చని అభిమాని ఉండరు.

పెర్ట్‌వీ వర్ధంతి మే 20 (1996), జయంతి జులై 7 (1919). స్పియర్‌హెడ్ ఫ్రమ్ స్పేస్ చూడండి. బీబీసీలో సమ్మె వల్ల స్టూడియో దొరక్క మొత్తం ఫిల్మ్ మీద తీశారు, అందుకే ఆ కాలపు కథల్లో బ్లూరేలో దీనంత స్పష్టంగా మరేదీ కనబడదు. జూన్ 8 కోలిన్ బేకర్, 17 విటకర్ (1982). విటకర్ కథల్లో 2018 నవంబర్ 11న వచ్చిన డీమన్స్ ఆఫ్ ది పంజాబ్ దేశ విభజన మీద వినయ్ పటేల్ రాసినది. తీసింది స్పెయిన్‌లో. ఆగస్టు 20 మెకాయ్ (1943), అక్టోబర్ 15 గాట్వా (1992), 28 స్మిత్ (1982). నవంబర్ 14 మెక్‌గాన్ (1959). 2013లో ఆయన రీజెనరేషన్ చూపిన ఏడు నిమిషాల చిత్రాన్ని సరిగ్గా ఆయన పుట్టినరోజునే విడుదల చేశారు.

తెరవెనక వాళ్లను వదలొద్దు. తొలి నిర్మాత వెరిటీ లాంబర్ట్ వర్ధంతి నవంబర్ 22 (2007), జయంతి 27 (1935). తొలి కథ దర్శకుడు వారిస్ హుస్సేన్ 1938 డిసెంబర్ 9న మన లక్నోలో పుట్టారు. 28 ఏళ్లయినా నిండని ఆడపిల్ల, పాతికేళ్లయినా నిండని లక్నో కుర్రాడు కలిసి ఈ సిరీస్‌ను నిలబెట్టారు. నటుల జాబితాల్లో వాళ్ల పేర్లు కనబడకపోవడం పెద్ద లోటు.

నవంబర్ 23 రాత్రి

డిస్కులు కొనేవాళ్లు ముందే చూసుకోవాల్సింది ప్రాంతం కోడ్. బ్రిటన్ డీవీడీలు 2, మనవి 5. బ్లూరేలో బ్రిటన్ బీ, మనది సీ, అమెరికా ఏ. అన్ని కోడ్‌లూ చదివే ప్లేయర్ లేకపోతే లండన్ నుంచి తెప్పించిన డిస్కు తెరుచుకోకపోవచ్చు. ఐప్లేయర్‌లో 2023 నవంబర్ 1న 800కు పైగా ఎపిసోడ్లు పెట్టారు గానీ అది బ్రిటన్‌లో ఉన్నవాళ్లకే, పైగా హక్కుల వివాదం వల్ల మొట్టమొదటి కథే అందులో చేరలేదు. అది ది బిగినింగ్ అనే డీవీడీ పెట్టెలో ఉంది. వెతికేటప్పుడు ఆ నాలుగు ఎపిసోడ్ల కథను యాన్ అన్‌ఎర్త్‌లీ చైల్డ్ అనీ, లక్ష క్రీస్తుపూర్వం అనే అర్థం వచ్చే పేరుతోనూ పిలుస్తారని గుర్తుంచుకోండి. 1966 మధ్య వరకు ప్రతి ఎపిసోడ్‌కూ వేరే పేరుండేది, కథ మొత్తానికి తెరమీద పేరుండేది కాదు.

రాత్రి 10.40కి అంతా సిద్ధం చేసుకుని, 10.46కి తొలి ఎపిసోడ్ మొదలుపెట్టండి. సుమారు 23 నిమిషాలు. తొలి కథలోని మిగతా మూడూ ఆ రాత్రికి వద్దు; గుహల్లో సాగే ఆ భాగం నెమ్మది, కొత్తవాళ్లకు నిద్ర వస్తుంది. దాని బదులు 11.15కి రిమెంబ్రన్స్ తొలి రెండు భాగాలు పెడితే అదే స్కూలు, అదే నెల, పాతికేళ్ల తర్వాతి కళ్లతో కనబడతాయి. అర్ధరాత్రి దాటాక గంట విరామం. 1.20కి ది డే ఆఫ్ ది డాక్టర్, సుమారు 77 నిమిషాలు. 2.40 లోపు అయిపోతుంది. మర్నాడు పనికి వెళ్లాల్సినవాళ్లు తొలి ఎపిసోడ్‌తో ఆపేయొచ్చు. 2028లో 65 ఏళ్లు నిండే రోజు గురువారం. శనివారం పడే తర్వాతి నవంబర్ 23 కోసం 2030 దాకా ఆగాలి.